వడ్డించే చేతులకు జీతం ఎవరిస్తారు?

టీవీలో రాష్ట్రపతి భవనం విందు చూపిస్తే మా మామయ్య అతిథులను చూడరు. ఆ రోజు కూడా అంతే. ఏదో దేశాధ్యక్షుడు ఢిల్లీ వచ్చారు, రాత్రి విందు జరిగింది, వార్తల్లో పది సెకన్లు చూపించారు. చెన్నై చూలైలోని ఇంట్లో కుర్చీలో కూర్చున్న మామయ్య ముందుకు వంగి, అతిథుల వెనక తెల్లని చేతితొడుగులతో నిలబడిన మనుషుల వైపు వేలు చూపించారు. "ఎడమ పక్క నుంచి వడ్డిస్తున్నాడు చూడు. మోచెయ్యి ఎవరికీ తగలడం లేదు" అన్నారు.

ఆయనకు ఆ చూపు ఊరికే రాలేదు. పదిహేడో ఏట సూళ్లూరుపేట నుంచి మద్రాసు వచ్చి, ఒక కంపెనీ అతిథి బంగళాలో మేటీగా చేరారు. మద్రాసు బంగళాల్లో బట్లరు కింద పనిచేసే కుర్రవాడిని అలాగే పిలిచేవారు. తర్వాత బట్లరు అయ్యారు. ముప్పై ఏళ్లకు పైగా అదే బంగళా. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు ఆయన గ్లాసులు తుడవడం చూసేవాణ్ణి. కడిగిన గ్లాసును కిటికీ వైపు ఎత్తి మెల్లగా తిప్పేవారు. ఎక్కడైనా వేలిముద్ర కనిపిస్తే వేడినీళ్ల ఆవిరి పట్టించి, మెత్తబడిన పాత పంచె ముక్కతో మళ్లీ తుడిచేవారు. కొత్త బట్ట నూగు వదులుతుందని చెప్పేవారు. చివరికి కంపెనీ ఆ బంగళాను మూసేసింది. ఆరు నెలల జీతం కవరులో పెట్టి ఇచ్చారు. పింఛను లేదు.

విందు దృశ్యం అయిపోయాక ఆయన అడిగారు: "అబ్బాయ్, వాళ్లకు పింఛను ఉంటుందా?"

"ఉంటుంది మామయ్యా" అన్నాను. జవాబు తప్పు కాదు. కానీ ఆ ఒక్క మాట నిజం కావడానికి ఎన్ని తరాలు పట్టిందో తర్వాత వివరాలు వెతుకుతూ కూర్చుంటే తెలిసింది. ఈ వ్యాసం ఆయన ప్రశ్నకు పూర్తి జవాబు.

ముందు చిక్కుముడి ఎక్కడుందో చూద్దాం. మైలాపూరులో ఒకప్పటి ఎడ్వర్డ్ ఎలియట్స్ రోడ్డును ఇప్పుడు డాక్టర్ రాధాకృష్ణన్ సాలై అంటున్నాం. ఆ రోడ్డు మీదే సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇల్లు 'గిరిజ' ఉంది. 1967 మేలో పదవీకాలం ముగిశాక, 340 గదుల రాష్ట్రపతి భవనం వదిలి ఆయన తిరిగి వచ్చింది ఈ ఇంటికే. 1975 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా మద్రాసే ఆయన ఊరు. ఆయన వచ్చేశారు గానీ, అక్కడ ఆయనకు అన్నం వడ్డించినవారు ఆయనతో రాలేదు. మర్నాటి నుంచి తర్వాతి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్‌కు వడ్డించారు. రెండేళ్లు తిరగకుండానే, 1969 మే 3న, జాకిర్ హుస్సేన్ ఆ భవనంలోనే మరణించారు. అదే రోజు మన వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. పొయ్యి ఆరలేదు, వంటవాడు మారలేదు.

మరి ఆ వంటవాడు ఎవరి మనిషి? రాష్ట్రపతి మనిషా, ప్రభుత్వ ఉద్యోగా? రాష్ట్రపతి మనవడు వేసవి సెలవులకు వచ్చి నెల రోజులుంటే ఆ భోజనం ఖర్చు దేశానిదా, తాతగారిదా? ఒకే కప్పు కింద ఇల్లు, కార్యాలయం, విడిది మూడూ ఉండటంతో ఈ ప్రశ్నలు కలగాపులగమవుతాయి.

డబ్బు దారి పట్టుకుని వెళ్తే ముడి కొంత విడుతుంది. రాష్ట్రపతికి అధికార నివాసం అద్దె లేకుండా ఇవ్వాలని రాజ్యాంగం 59వ అధికరణ చెబుతుంది. రాష్ట్రపతి జీతభత్యాలు, ఆ పదవికి సంబంధించిన ఇతర ఖర్చులు నేరుగా భారత సంచిత నిధి, అంటే కేంద్ర ఖజానా మీద పడతాయని 112వ అధికరణ చెబుతుంది. అంటే లోక్‌సభ ఆ ఖర్చును చర్చించవచ్చు గానీ ఓటు వేసి కోత పెట్టలేదు. న్యాయమూర్తుల జీతాలకు ఉన్నలాంటి రక్షణే ఇది. కేంద్ర బడ్జెట్‌లో దీనికి విడిగా ఒక పద్దు ఉంది: రాష్ట్రపతి సిబ్బంది, గృహ నిర్వహణ, భత్యాలు. వంట చేసేవారు, వడ్డించేవారు, బట్టలుతికేవారు, తోట చూసేవారు ఈ పద్దులోకి వస్తారు. కాగితం మీద వీరి యజమాని కేంద్ర ప్రభుత్వం. ఐదేళ్లకోసారి మారే వ్యక్తి కాదు.

ఆ గోడల మధ్య రెండు వేర్వేరు వ్యవస్థలు నడుస్తాయి. దస్త్రాలు, బిల్లులు, నియామకాలు చూసేది సచివాలయం. దానికి పెద్ద, రాష్ట్రపతి కార్యదర్శి. విందులు, అతిథులు, వంటశాలలు, వాహనాలు, తోటలు చూసేది గృహ విభాగం. అక్కడ సైనిక కార్యదర్శి, ఆయనతో పాటు సైన్యం, నౌకాదళం, వాయుసేనల నుంచి వచ్చిన ఏడీసీలు, అంటే రాష్ట్రపతి వెంట ఉండే సహాయక అధికారులు, కనిపిస్తారు. ఇంటి వ్యవహారంలో సైనికులకేం పని అనిపిస్తుంది. ఇది వైస్రాయ్ దర్బారు నుంచి వచ్చిన వారసత్వం. ఆ దర్బారు వేళ్లు మన మద్రాసులో కూడా ఉన్నాయి. దాని సంగతికి కాసేపట్లో వస్తాను.

మనవడి భోజనం సంగతి తేల్చిన ఉదాహరణ ఒకటి చెన్నై వాళ్లకు బాగా తెలుసు. 2002లో అన్నా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న అబ్దుల్ కలాం రాష్ట్రపతి అయ్యారు. 2006 మేలో ఆయన బంధువులు 52 మంది రామేశ్వరం వైపు నుంచి వచ్చి భవనంలో కొన్ని రోజులున్నారు. వారి గదుల అద్దె, భోజనం, చివరికి టీ ఖర్చు కూడా లెక్కకట్టించి 3.52 లక్షల రూపాయలు ఆయన సొంత ఖాతా నుంచి చెల్లించారని అప్పటి కార్యదర్శి పి.ఎం. నాయర్ తర్వాత చెప్పారు. చాలామంది దీన్ని కలాం నిరాడంబరతకు గుర్తుగా చెప్పుకుంటారు. అది నిజమే. నాకు అందులో ఇంకో విషయం కూడా కనిపిస్తుంది. ఆ 52 మందికి టీ అందించిన ఉద్యోగి ఆ రోజు కలాం ఇంటి పని చేశాడా, దేశం పని చేశాడా అన్న తేడా గుర్తించి, కలాం ఆ గీత ఎక్కడుందో తానే గీసి చూపించారు.

ఇప్పుడు మద్రాసు సంగతి. 1639లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ దిగినప్పుడు వారి తరఫున దామర్ల నాయకులతో మాట్లాడినవాడు బేరి తిమ్మన్న. రెండు భాషలు తెలిసిన మనిషి కాబట్టి ద్విభాషి, వాళ్ల నోట దుబాషీ. తర్వాతి నూట యాభై ఏళ్లలో మద్రాసు తెల్లదొరల ఇళ్లు ఈ దుబాషీల చేతుల మీదుగా నడిచాయి. వ్యాపారం మాట్లాడిపెట్టడం ఒక్కటే కాదు, వంటవాణ్ణి, బట్లరును, పల్లకీ మోసేవాళ్లను కుదిర్చేదీ వారే. జీతాలు వారి చేతి నుంచే వెళ్లేవి, అందులో కొంత వారి చేతిలో ఆగేది. నౌకరుకు దొర ముఖం తెలుసు, కానీ వాడి బతుకు దుబాషీ దయ మీద ఉండేది.

పల్లకీ మోసే బోయీల పేరు ఆ నాటి నుంచి ఇంకా బతికే ఉంది. దొరలు నౌకరును 'బాయ్' అని కేకవేయడంలో ఇంగ్లీషు మాటతో పాటు ఈ తెలుగు 'బోయి' కూడా కలిసిపోయిందని 19వ శతాబ్దపు నిఘంటుకారులు రాశారు. అరవై ఏళ్ల మా మామయ్యను కూడా బంగళాకు వచ్చే అతిథులు 'బాయ్' అని పిలవడం నేను విన్నాను. ఆ పిలుపు నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఒక్కో ఇంట్లో అంతమంది నౌకర్లు ఎందుకు? డాంబికం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం కులం. వండేవాడు అంట్లు తోమడు, అంట్లు తోమేవాడు నీళ్లు మోయడు, నీళ్లు మోసేవాడు మరుగుదొడ్డి ముట్టుకోడు. ఇల్లు చూడటానికి ఇంగ్లీషువాళ్లదే, పని పంపకం మాత్రం మన ఊళ్లలోదే. దొరలు దాన్ని మార్చలేదు, పైగా జీతాల చిట్టాలో పక్కాగా రాసి స్థిరపరిచారు. గవర్నర్ నివాసాల్లో ఇది మరింత విస్తరించింది. మౌంట్ రోడ్డు పక్కన ఒక భవనం, ఊరవతల విడిదిగా గిండీలో మరొకటి, విందులకు 1802లో విడిగా కట్టిన హాలు, అదే ఇప్పటి రాజాజీ హాలు. గిండీ గవర్నర్ నివాసం పక్కన జింకలు తిరిగే అడవి ఒకప్పుడు ఆ బంగళా తోటే.

కలకత్తా గవర్నర్ జనరల్ నివాసంలో ఇదే పద్ధతి ఇంకా పెద్ద ఎత్తున సాగింది. 1911లో రాజధాని మార్పు ప్రకటించాక ఢిల్లీలో వాస్తుశిల్పి లుట్యెన్స్ గీసిన భవనంలోకి 1929లో లార్డ్ ఇర్విన్ దిగాడు. దాంతో ఈ ఏర్పాటంతా రైసినా గుట్ట ఎక్కింది. వైస్రాయ్‌ల కాలంలో అక్కడ తోటమాలులే 418 మంది అనీ, వారిలో 50 మంది పిట్టలను తోలే కుర్రవాళ్లు అనీ వర్ణనల్లో చదువుతాం. ఈ అంకెను చాలామంది అబ్బురంగా చెబుతారు. నాకు మాత్రం రోజంతా ఎండలో నిలబడి చప్పట్లు కొడుతూ పిట్టలను తోలే పిల్లవాడే కళ్ల ముందు మెదులుతాడు.

1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్లిపోయాక ఆ ఇంట్లోకి వచ్చిన తొలి భారతీయుడు మన మద్రాసు రాజాజీ. భార్య ఎప్పుడో పోయింది, తోడుగా కూతురు నామగిరి వచ్చారు. వైస్రాయ్ పడుకునే గదుల వైభవం ఆయనకు సరిపడలేదు. అతిథుల కోసం కట్టిన వైపున చిన్న గదులు ఎంచుకున్నారు. తర్వాత వచ్చిన రాష్ట్రపతులు కూడా అటువైపే కాపురం ఉన్నారు. తిండిగింజలకు కరువున్న రోజులు కావడంతో తోటలో కొంత భాగం దున్నించి గోధుమ వేయించారు. తానే నాగలి పట్టారు కూడా. బట్టలు తానే ఉతుక్కునేవారని చెబుతారు. గదుల ఎంపిక, నాగలి, ఉతికిన పంచె మూడూ కలిపి చూస్తే, నౌకర్లతో నిండిన ఇంట్లో నౌకరు అక్కర్లేని మనిషిగా ఉండాలని ఆయన పట్టుపట్టినట్టు తోస్తుంది.

అయితే మనిషి మారినంత సులువుగా ఇల్లు మారదు. 1962లో వచ్చిన రాధాకృష్ణన్ పది వేల జీతంలో రెండున్నర వేలే తీసుకున్నారని చెబుతారు. 1977లో నీలం సంజీవరెడ్డి ఇంకా ముందుకెళ్లారు. జీతంలో 70 శాతం వదులుకుంటానని, ఆ భవనం విడిచి చిన్న ఇంటికి మారతానని స్వాతంత్ర్య దినోత్సవం ముందు రోజు ప్రకటించారు. భవనం మాత్రం రాష్ట్రపతి నివాసంగానే కొనసాగింది. కారణం ఊహించడం కష్టం కాదు. రాష్ట్రపతి తన జీతాన్ని తగ్గించుకోగలరు, తన కంచంలో కూరలు తగ్గించుకోగలరు. కొత్త రాయబారులు నియామక పత్రాలు ఇవ్వడానికి వస్తారు, దేశాధ్యక్షులు విందుకు వస్తారు, గణతంత్ర దినాన వందల మంది తేనీటికి వస్తారు. ఆ ఇంట్లో చేసే పనిలో సింహభాగం కుటుంబం కోసం కాదు. రాష్ట్రపతి భార్య లేకుండా వచ్చినా, పెళ్లే చేసుకోకుండా వచ్చినా వంటశాల పని పెద్దగా తగ్గదు.

గిరి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. రైల్వే కార్మికుల సంఘాలు కట్టి, కార్మిక మంత్రిగా ఉంటూ బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో పదవికి రాజీనామా చేసిన మనిషి ఆయన. అలాంటి మనిషి దేశంలోకెల్లా పెద్ద ఇంటికి యజమానిగా 1974 దాకా ఉన్నారంటే, సేవకుల వ్యవస్థకూ కార్మిక హక్కుకూ మధ్య ఈ దేశం నడిచిన దూరం ఒక్కసారిగా కళ్లకు కడుతుంది.

విందు ఎలా నడుస్తుందో వివరించినప్పుడు మామయ్య ముఖం వెలిగింది. భోజనశాలలో ఒకే పొడవాటి బల్ల, చుట్టూ 104 మంది కూర్చోవచ్చు. గోడల మీద పూర్వ రాష్ట్రపతుల చిత్రపటాలు. ఒక్కో పటం పైన ఒక్కో దీపం. అవి పటాన్ని చూపించడానికి కావు, వడ్డించేవారికి సైగ చేయడానికి. దీపం మారగానే అందరూ సిద్ధమవుతారు, మళ్లీ మారితే వడ్డన మొదలు, ఇంకోసారి మారితే కంచాలు తీయడం. నోటి మాట ఉండదు, చప్పట్లు ఉండవు. అతిథి మాట్లాడుతున్నది వినబడకూడదన్నట్టు నిలబడిన మనిషి, కంటి చివరతో ఆ దీపాన్ని గమనిస్తూ ఉంటాడు. "మాకు మేనేజరు గారి దగ్గు ఉండేది" అన్నారు మామయ్య. "ఒకసారి దగ్గితే సూపు, రెండుసార్లు దగ్గితే ప్లేట్లు తీయాలి. ఒకరోజు ఆయనకు నిజంగానే జలుబు చేసింది. ఏ దగ్గు సైగో తెలియక చచ్చిపోయాం."

ఈ సిబ్బందిలో చాలామంది ఎస్టేటులోనే క్వార్టర్లలో ఉంటారు. 330 ఎకరాల ఆ ఆవరణలో ఆసుపత్రి, తపాలా కార్యాలయం, బడి ఉన్నాయి. రాజేంద్రప్రసాద్ పేరున్న ఆ బడిలోనే 2015లో ఉపాధ్యాయ దినోత్సవానికి ముందు ప్రణబ్ ముఖర్జీ పిల్లలకు పాఠం చెప్పారు.

అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్ చరిత్ర దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గది. అక్కడ డబ్బు దారి వేరు, అందుకే మనుషుల గతీ వేరు. 1800 నవంబరులో తొలి నివాసిగా జాన్ ఆడమ్స్ దిగాడు. ఆయన భార్య అబిగైల్ ఉత్తరంలో రాసింది: ఈ ఇంటిని సరిగా ఉంచాలంటే ముప్పై మంది పనివాళ్లు కావాలి. పూర్తికాని పెద్ద సభామందిరంలో ఆమె ఉతికిన బట్టలు ఆరేయించింది. ఆ రోజుల్లో పనివాళ్ల జీతాలు అధ్యక్షుడే తన 25 వేల డాలర్ల జీతం నుంచి ఇచ్చుకోవాలి. ఆడమ్స్‌కు బానిసలు లేరు. ఆయన తర్వాత వచ్చిన జెఫర్సన్, మాడిసన్‌లకు ఉన్నారు. సొంత తోటల నుంచి బానిసలను తెచ్చి ఆ పనిలో పెడితే జీతం మిగులుతుంది. యజమాని జేబు నుంచి ఖర్చు పెట్టాల్సిన ఇంట్లో చవకైన చెయ్యి అంటే చివరికి జీతం లేని చెయ్యే అయింది.

మాడిసన్ ఇంట్లో అలా పనిచేసిన పాల్ జెన్నింగ్స్ తర్వాత తన జ్ఞాపకాలు చెప్పాడు. 1814 ఆగస్టులో ఇంగ్లీషు సైన్యం వాషింగ్టన్ మీదికి వచ్చిన రోజున అతనికి పదిహేనేళ్లు. మంత్రులు, సైనికాధికారులు భోజనానికి వస్తారని బల్ల తానే సర్దాడు, పానీయాలు చల్లబెట్టాడు. ఎవరూ రాలేదు. ఊరు విడిచి పరుగెత్తాల్సి వచ్చింది. తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ నిలువెత్తు చిత్రాన్ని మాడిసన్ భార్య డాలీ స్వయంగా రక్షించిందన్న కథ నిజం కాదనీ, దాన్ని గోడ నుంచి దించింది ద్వారపాలకుడూ తోటమాలీ అనీ జెన్నింగ్స్ స్పష్టంగా చెప్పాడు. పనివాళ్లు నోరు తెరిచాకే చరిత్రలోకి పనివాళ్లు వచ్చారు.

1847లో సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ 120 డాలర్లు చెల్లించి అతణ్ణి విడిపించాడు. ఆ అప్పు నెలకు 8 డాలర్ల చొప్పున పనిచేసి తీర్చాలి, అంటే పదిహేను నెలలు. విధవరాలైన డాలీ మాడిసన్ ఆ రోజుల్లో పేదరికంలో పడింది. జెన్నింగ్స్ ఆమెను చూడటానికి వెళ్లి, అప్పుడప్పుడూ తన జేబులోంచి కాస్త డబ్బు ఇచ్చేవాడు. తనను బానిసగా ఉంచిన ఇంటికి. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

క్రమంగా అక్కడా పనివాళ్ల జీతం ప్రభుత్వ ఖజానాకు మారింది. కానీ భోజనం లెక్క ఈనాటికీ పాతదే. అధికారిక విందు ప్రభుత్వానిది, కుటుంబం తినే తిండి, వాడుకునే సబ్బు, టూత్‌పేస్టు అధ్యక్షుడివి. ప్రతి నెలా బిల్లు వస్తుంది. 1981లో అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ ఆ బిల్లు చూసి నివ్వెరపోయింది, ఎవరూ ముందుగా చెప్పలేదంది.

మళ్లీ మామయ్య ప్రశ్నకు వస్తాను. రాష్ట్రపతి భవనంలో శాశ్వత ఉద్యోగులకు పింఛను ఉంది. 2004 జనవరి 1కి ముందు చేరినవారికి పాత పద్ధతిలో, ఆ తర్వాత చేరినవారికి మిగతా కేంద్ర ఉద్యోగుల్లాగే వాటా కట్టే కొత్త పద్ధతిలో. పదవి దిగిన రాష్ట్రపతికి కూడా 1951 నాటి చట్టం కింద జీతంలో సగం పింఛను, ఉండటానికి ఇల్లు, సిబ్బంది ఉంటాయి. వడ్డించినవారికీ, వడ్డించుకున్నవారికీ ఒకే ఖజానా. నౌకరు జీతం దుబాషీ చేతి నుంచి ఖజానా చేతికి మారడమే ఆ ఇంటి చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు అని నా నమ్మకం. గది పేర్లు మారడం, తోట పేరు మారడం దాని ముందు చిన్నవి.

ఆ మలుపు ఆ గేటు దాటి బయటికి ఎంత వచ్చింది? కర్ణాటక 2004లో ఇంటిపనికి కనీస వేతనం ప్రకటించింది. తమిళనాడు 2007లో ఇంటి పనివారికి సంక్షేమ మండలి పెట్టింది, 2018లో కనీస వేతనం ప్రకటించింది. ఇంటిపని చేసేవారికి మిగతా కార్మికులతో సమాన హక్కులుండాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక 2011లో వచ్చింది. భారత్ ఇంకా దాన్ని ఆమోదించలేదు. మా అపార్టుమెంటులో నాలుగిళ్లు తోమే అమ్మాయికి ఈ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చని మొన్న చెబితే, "దానికి యజమాని సంతకం కావాలా అన్నా?" అని ముందు అదే అడిగింది. నాలుగిళ్లలో ఎవరు యజమాని అన్నది ఆమెకూ తెలియదు, ఆ నాలుగిళ్ల వాళ్లకూ తెలియదు. నా ఇల్లు కూడా అందులో ఒకటి.

ఇదంతా చెప్పడానికి పోయిన ఆదివారం చూలై వెళ్లాను. మామయ్య అన్నీ విన్నారు. జెన్నింగ్స్ డబ్బు ఇచ్చిన సంగతికి తల ఊపారు, ఏమీ అనలేదు. యూజీన్ ఆలెన్ గురించి చెప్పినప్పుడు మాత్రం నిటారుగా కూర్చున్నారు. ఆలెన్ 1952లో వైట్‌హౌస్ వంటగదిలో చిన్న పనికి చేరిన నల్లజాతి మనిషి. ఎనిమిది మంది అధ్యక్షులకు వడ్డించి, అక్కడి బట్లర్లందరికీ పెద్దయి, 1986లో విరమించాడు. చివరి ఏళ్లలో నాన్సీ రీగన్ అతణ్ణి పిలిచి, జర్మనీ ఛాన్సలర్ కోల్ కోసం ఇచ్చే విందుకు నువ్వు వడ్డించవద్దు, భార్యతో కలిసి అతిథిగా రమ్మంది.

"వెళ్లాడా?"

"వెళ్లాడు మామయ్యా. ఇద్దరూ కూర్చుని భోంచేశారు."

ఆయన కాసేపు ఆలోచించారు. తర్వాత అడిగారు: "అయితే ఆ రాత్రి అతని కుర్చీ వెనక నిలబడింది ఎవరు?"

"తోటివాళ్లే అయి ఉంటారు."

"గ్లాసులు ఇంకోసారి తుడిచి ఉంటారు" అన్నారు మామయ్య.